పాటల లెక్క - తపాలా సంచి
(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా కరువు భత్యం, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, కుటుంబ పెన్షన్ కాగితాలు, ఇవే చర్చకు వస్తాయి. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఇంటివాళ్లు కూడా వస్తున్నారు, వాళ్లకూ రుచించే విషయం ఒకటి మాట్లాడండి" అన్నారు. ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుంటే మా మనవడే విషయం అందించాడు.

వాడు ఫోనులో పాట వింటూ, "తాతయ్యా, ఈ పాట నంబర్ వన్. ఇన్ని కోట్లమంది విన్నారు" అని అంకె చూపించాడు. తరువాత వాడికే అనుమానం వచ్చింది. "మీ రోజుల్లో ఇలా లెక్కపెట్టే ఫోన్లు లేవు కదా, ఏ పాట నంబర్ వన్నో ఎలా తెలిసేది?" అని అడిగాడు. "దుకాణాలకు టెలిఫోన్ చేసి అడిగేవారు, లేదా ఉత్తరాల ద్వారా తెప్పించుకునేవారు" అన్నాను. వాడు నవ్వి, "అయితే నంబర్ వన్‌ను మీ డిపార్టుమెంటే మోసిందన్నమాట!" అన్నాడు.

వాడు వేళాకోళానికే అన్నాడు గాని, అది అక్షరాలా నిజం. ఆ సంగతే నాలుగు ముక్కలు చెబుతాను.

బుధవారం రాత్రి

ఇక్కడున్న పెద్దలకు బినాకా గీత్‌మాలా గురించి నేను చెప్పనక్కరలేదు. పిల్లల కోసం చెబుతాను. 1952లో కేంద్ర సమాచార శాఖ మంత్రిగా వచ్చిన కేస్కర్‌గారికి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో అవి మూలపడ్డాయి. ఆ ఖాళీని రేడియో సిలోన్ పూరించింది. 1952 డిసెంబర్ 3న ఒక టూత్‌పేస్టు కంపెనీ ఖర్చుతో గీత్‌మాలా మొదలైంది. నడిపింది అమీన్ సయానీగారు. ఆయన 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు ఊళ్లో రేడియో ఉన్న ఇంటి అరుగు నిండిపోయేది. మనలో హిందీ అంతగా రానివాళ్లు కూడా వినేవాళ్లు. అదే స్టేషన్లో తెలుగు పాటలకు మీనాక్షీ పొన్నుదురైగారి గొంతు ఎంత గుర్తో, హిందీ పాటలకు సయానీగారి గొంతు అంత గుర్తు.

మొదట్లో అది వరుస క్రమం చెప్పే కార్యక్రమం కాదు. ఏడు పాటలు వేసేవారు, వాటి వరుస ఏమిటో శ్రోతలే ఊహించి రాయాలి, సరిగ్గా రాసినవాళ్లకు బహుమతి. మొదటి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చాయని, త్వరలోనే వారానికి 65,000 దాకా పెరిగాయని సయానీగారు చెప్పుకునేవారు. అరవై అయిదు వేలు! సార్టింగ్‌లో పనిచేసిన మిత్రులు ఒక్కసారి ఆ సంచుల్ని ఊహించుకోండి. అన్నింటినీ విప్పి చదవడం మనుషుల వల్ల కాక, 1954 చివర నుంచి పద్ధతి మార్చారు. పేరున్న రికార్డు దుకాణాల్లో అమ్మకాలెలా ఉన్నాయో తెలుసుకుని వరుస కట్టడం మొదలుపెట్టారు. అయితే అమ్మకం లెక్క ఒక్కటే తీసుకుంటే చిక్కు. పాట బాగా నచ్చి రికార్డులు అయిపోతే ఆ వారం అమ్మకం సున్నా, కాని పాటకు గిరాకీ తగ్గినట్టు కాదు. అందుకని ఊరూరా ఏర్పడిన శ్రోతల సంఘాల అభిప్రాయాలను కూడా కలుపుకున్నారు. ఆ అభిప్రాయాలూ మళ్లీ మన సంచుల్లోనే వెళ్లాయి.

టెలిఫోన్ ఒకరిది, తపాలా ఒకరిది

ఇలాంటి పట్టికలకు పాత ఇల్లు అమెరికా. బిల్‌బోర్డ్ అనే పత్రిక 1940 జూలై 27న దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయే రికార్డుల పట్టిక వేసింది. ఆ తరువాత అమ్మకాలకొకటి, రేడియోలో వేసినవాటికొకటి, హోటళ్లలో డబ్బులు వేస్తే పాడే జ్యూక్‌బాక్సులకొకటి, ఇలా వేర్వేరు పట్టికలు నడిచాయి. 1958 ఆగస్టు 4న అన్నీ కలిపి హాట్ 100 అనే నూరు పాటల పట్టిక మొదలైంది.

బ్రిటన్ సంగతి ఇంకా విశేషం. గీత్‌మాలా మొదలవడానికి సరిగ్గా పంతొమ్మిది రోజుల ముందు, 1952 నవంబర్ 14న, న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అనే వారపత్రిక ఆ దేశపు మొదటి పట్టిక వేసింది. దాన్ని తయారుచేసినది పెద్ద గణాంక శాఖేమీ కాదు. పెర్సీ డికిన్స్ అనే ఉద్యోగి సుమారు ఇరవై దుకాణాలకు టెలిఫోన్ చేసి, "ఈ వారం బాగా పోయిన పది రికార్డులు చెప్పండి" అని అడిగి రాసుకుని, వాటిని కలిపి పన్నెండు స్థానాల జాబితా కట్టాడు. దేశం మొత్తానికి ఇరవై దుకాణాలు! మొదటి స్థానంలో నిలిచిన గాయకుడు అల్ మార్టినో. ఆ పేరు ఈనాటికీ చరిత్రలో ఉండిపోయింది.

1955 జనవరిలో రికార్డ్ మిర్రర్ అనే మరో పత్రిక పోటీకి వచ్చింది. వీళ్లు టెలిఫోన్ నమ్మలేదు, దుకాణాల వాళ్ల చేత కాగితం మీద రాయించి తపాలాలో తెప్పించుకున్నారు. తపాలా ఖర్చు పత్రికే భరించింది. ఆ ఖర్చు మోయలేకే 1962లో సొంత పట్టిక మానేసి, రికార్డ్ రిటైలర్ అనే వ్యాపార పత్రిక పట్టికను అచ్చువేసుకోవడం మొదలుపెట్టింది. టెలిఫోన్ల వాళ్లు గెలిచారు, తపాలా వాళ్లు ఓడారు అని ఇక్కడి టెలిఫోన్ మిత్రులు సంతోషించవచ్చు. కొంచెం ఆగండి, మా వంతు వస్తుంది.

ఎవరి దుకాణాలు వారివి, ఎవరి లెక్క వారిది అయినప్పుడు ఏమవుతుంది? 1963లో బీటిల్స్ బృందం రెండో రికార్డు "ప్లీజ్ ప్లీజ్ మీ" రెండు ప్రముఖ పత్రికల్లో నంబర్ వన్, రికార్డ్ రిటైలర్‌లో మాత్రం నంబర్ టూ. తరువాతి కాలంలో రికార్డుల చరిత్ర పుస్తకాలు రాసినవాళ్లు ఆ మూడో పత్రికనే ప్రమాణంగా తీసుకున్నారు. దాంతో ఊరంతా నంబర్ వన్ అనుకున్న పాట పుస్తకంలో నంబర్ టూ అయి కూర్చుంది. బి.బి.సి. వాళ్లు ఈ గొడవ ఎందుకని పత్రికల పట్టికలన్నీ కలిపి సగటు తీశారు. సగటు తీస్తే ఒకే స్థానానికి రెండేసి పాటలు సమానంగా వచ్చి మరో ఇబ్బంది పడ్డారు.

ఇంకో లోపం కూడా గమనించండి. దుకాణదారు చెప్పేది వరుస మాత్రమే, ఎన్ని అమ్మాడన్నది కాదు. నెలకు వేలు అమ్మే పట్నపు దుకాణంలో మొదటిదీ మొదటిదే, పదులు అమ్మే చిన్న దుకాణంలో మొదటిదీ మొదటిదే. పరీక్షలో మార్కులు చూడకుండా ర్యాంకులు మాత్రమే కలిపినట్టు.

శనివారం డైరీ, మంగళవారం ఫలితం

చివరికి 1969 ఫిబ్రవరి నుంచి బి.బి.సి., రికార్డ్ రిటైలర్ కలిసి ఆ పని ఒక మార్కెట్ పరిశోధన సంస్థకు అప్పగించాయి. వాళ్లు దేశమంతటా సుమారు 300 దుకాణాలను ఎంచుకుని, ఒక్కొక్కరికి ఒక డైరీ ఇచ్చారు. రికార్డు అమ్మినప్పుడల్లా దాని నంబరు అందులో రాయాలి. శనివారం దుకాణం మూసే వేళకు డైరీ ముగించి తపాలాలో వెయ్యాలి. సోమవారం ఆ అంకెలను పంచ్ కార్డుల మీదకు ఎక్కించి కంప్యూటర్‌కు అందించేవారు. మంగళవారం పట్టిక సిద్ధం, మధ్యాహ్నం రేడియోలో ప్రకటన. శనివారం సాయంత్రం డబ్బాలో పడిన కవరు సోమవారానికి చేరాలి. ఒక్క పూట ఆలస్యమైతే ఆ దుకాణం ఆ వారం లేనట్టే. అన్ని డైరీలూ ఏ వారమూ సమయానికి అందేవి కావు. అయినా పట్టిక ఆగేది కాదు, వచ్చినవాటితోనే కట్టేవారు.

ఇప్పుడు మా వంతు. 1971 జనవరి 20న బ్రిటన్ తపాలా ఉద్యోగులు జీతాల కోసం సమ్మెకు దిగారు. 47 రోజులు నడిచింది. డైరీలు కదలలేదు. చేసేది లేక దుకాణాలకు టెలిఫోన్ చేసి అంకెలు తీసుకున్నారు. దేశం మొత్తానికి అది చాలే లెక్క కాదని తరువాత వాళ్లే అనుకున్నారు. 1960లోనూ, 1968లోనూ సమ్మెలు చూసిన కుటుంబాలు మనవి. సంచి ఆగితే ఏమేమి ఆగుతాయో మనకు తెలుసు. కాని పాటల వరుస కూడా తడబడుతుందని నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎన్నడూ అనుకోలేదు. ఆ అనుభవం వల్లనే కాబోలు, 1973 నాటికి వాళ్లు డైరీలు తెచ్చుకోవడానికి మోటారు సైకిళ్ల మీద మనుషుల్ని పెట్టుకున్నారు.

కార్డుల కట్ట

లెక్క ఉన్నచోట లెక్కను వంచేవాడూ ఉంటాడు. దేశంలో మూడు వేల దుకాణాలున్నాయనీ, అందులో మూడు వందలనే అడుగుతారనీ అనుకుందాం. అప్పుడు ఆ మూడు వందల్లో ఒక దుకాణంలో ఒక్క రికార్డు ఎక్కువ రాస్తే, పట్టికలో పది రికార్డుల బలం. ఏ దుకాణాలకు డైరీలు ఉన్నాయో తెలుసుకోవడం రికార్డు కంపెనీల వాళ్లకు పెద్ద కష్టం కాలేదు. మనుషుల్ని పంపి ఆ దుకాణాల్లోనే కొనిపించడం, దుకాణదారుకు కానుకలిచ్చి అమ్మనివి కూడా డైరీలో రాయించడం జరిగేది. 1980లో బ్రిటిష్ టెలివిజన్‌లో వరల్డ్ ఇన్ యాక్షన్ అనే కార్యక్రమం ఈ గుట్టు బయటపెట్టింది.

మనవాళ్లేం తక్కువ తినలేదు. రేడియోకు కోరికల కార్డులు రాయడంలో ఝుమ్రీ తలైయా అనే ఊరికి దేశమంతటా పేరు వచ్చింది. అప్పట్లో బీహారు, 2000 నుంచి ఝార్ఖండ్. అభ్రకం గనుల ఊరు. నేను కౌంటరులో ఉన్న రోజుల్లో ఒక కుర్రాడు వచ్చి ఒకేసారి నూరు కార్డులు కొన్నాడు. సాయంత్రానికి అవన్నీ డబ్బాలో తేలాయి. ముద్ర వేస్తూ చూశాను. చేతిరాత ఒకటే, పాట ఒకటే, పేర్లు మాత్రం నూరు. అందులో చచ్చిపోయిన వాళ్ల తాతగారి పేరు కూడా ఉంది! నవ్వుకుని ముద్ర వేసి పంపించాను. ఏం చేస్తాను? కార్డుకు డబ్బు కట్టాడు, చేర్చడం మన ధర్మం. ఆ పాట ఆ వారం రేడియోలో వచ్చింది కూడా.

అడగనివాళ్ల మాట

మోసం కన్నా పెద్దది మరొకటి ఉంది. అసలు అడగకపోవడం. 1980లలో బ్రిటన్‌లో స్థిరపడిన పంజాబీల భాంగ్రా పాటల క్యాసెట్లు విరగబడి అమ్ముడయ్యేవి. కాని అవి అమ్మింది ఎక్కడ? మన దేశపువాళ్ల కిరాణా కొట్లలో, బట్టల కొట్లలో. ఆ కొట్లకు డైరీలు లేవు. అందుకని పట్టికలో ఆ పాటలు లేవు. ఆ పట్టిక దృష్టిలో అన్ని వేలమంది వినేవాళ్లు లేనట్టే.

అమెరికాలోనూ అంతే. అక్కడ దుకాణాల్లో గుమస్తాను టెలిఫోన్‌లో అడిగితే తనకు తెలిసినదీ, తనకు నచ్చినదీ ముందు చెప్పేవాడు. 1991 మే 25 నాటి బిల్‌బోర్డ్ నుంచి ఆల్బముల పట్టికకు కొత్త పద్ధతి వచ్చింది. వస్తువు మీద ఉన్న బార్ కోడ్‌ను యంత్రం చదివినప్పుడే అమ్మకం నమోదవుతుంది, గుమస్తా నోటితో పనిలేదు. దాంతో ఏం జరిగిందో చూడండి. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో వినే కంట్రీ పాటలు, నల్లజాతి యువకుల ర్యాప్ పాటలు ఒక్కసారిగా పైకి వచ్చాయి. ఆ సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ ఆల్బం విడుదలైన వారమే మొదటి స్థానంలోకి దిగింది. ఒక కంట్రీ ఆల్బంకు అలా జరగడం అదే మొదటిసారి. జనం రాత్రికి రాత్రి మారలేదు, లెక్కపెట్టే తీరు మారింది.

బ్రిటన్‌లో 1983 జనవరి నుంచి గాలప్ సంస్థ దుకాణాల్లో చిన్న కంప్యూటర్ యంత్రాలు పెట్టి, ఆ అంకెలను టెలిఫోన్ తీగ మీద లాక్కోవడం మొదలుపెట్టింది. 1987 నుంచి మంగళవారం దాకా ఆగకుండా ఆదివారం సాయంత్రానికే పట్టిక వచ్చేది. 2014 నుంచి ఫోనులో విన్నవాటిని కూడా కలుపుతున్నారు. మొదలుపెట్టినప్పుడు నూరుసార్లు వింటే ఒక అమ్మకం కింద లెక్క. మా మనవడు చూపించిన అంకెకు ఇదీ పూర్వచరిత్ర.

నా డైరీ

మిత్రులారా, ఇంతవరకు చెప్పినది ఇతరుల సంగతి. ఇప్పుడు నాది చెప్పకపోతే ఈ ప్రసంగం నిజాయితీ అనిపించుకోదు.

మన శాఖలో ఉత్తరాల లెక్కింపు రోజులుండేవి, మీకందరికీ గుర్తే. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి ఉత్తరం, కార్డు లెక్కపెట్టి ఫారం నింపాలి. దాన్నిబట్టే పని భారం, దాన్నిబట్టే పోస్టులు, ఇ.డి. ఏజెంట్ల భత్యాలు. 1970లలో నేనొక చిన్న సబ్ ఆఫీసులో గుమస్తాను. అప్పుడే నెలాఖరు లెక్కలు మీదపడ్డాయి. మొదటి మూడు రోజులు సరిగ్గా లెక్కపెట్టాను. మిగతా మూడు రోజులకు "ఇంచుమించు ఇంతే కదా" అని, పైవాళ్లు ప్రశ్నించకుండా కొంచెం తగ్గించి, కూర్చున్నచోటే అంకెలు వేశాను. ఆ మూడు రోజుల్లోనే సంత రోజు ఉందన్న సంగతి నాకు తట్టలేదు. సంత రోజున మా ఊరి తపాలా రెట్టింపు.

మా ఆఫీసు కింద ఒక పెద్దాయన బట్వాడా చేసేవాడు. ఆ ఏడు ఆయనకు రెండు శివారు పల్లెలు అదనంగా వేశారు. భత్యం పెంచమని అర్జీ పెట్టుకున్నాడు. లెక్క ప్రకారం పని చాలదని అర్జీ తిరిగి వచ్చింది. ఆ కాగితం నేనే ఆయనకు చదివి వినిపించాను. ఆయన తలపాగా సర్దుకుని, "లెక్కలో అట్టా వచ్చిందంట, మనమేం చేస్తాం బాబూ" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. లెక్కలో అలా రాలేదు. నేను అలా రాశాను. ఆ మాట ఆయనతో అనడానికి నాకు నోరు రాలేదు.

మరుసటి లెక్కింపులో ఆరు రోజులూ ప్రతి కార్డూ చేత్తో పట్టుకుని లెక్కపెట్టాను. భత్యం పెరిగింది. కాని మధ్యలో పోయిన నెలల డబ్బు పోయినట్టే. ఆయన ఆ సంగతి తెలియకుండానే కాలం చేశాడు. ఇవాళ మీ అందరి ముందూ చెప్పాను.

అందుకే ఆ దూరదేశపు దుకాణంలో శనివారం సాయంత్రం, బేరాల హడావుడిలో, డైరీ మిగతా పేజీలు ఊహ మీద నింపిన గుమస్తా నాకు పరాయివాడు అనిపించడు. అక్కడ పాట ఒక మెట్టు ఎక్కుతుంది, ఒక మెట్టు దిగుతుంది. ఇక్కడ ఒక ముసలాయన ఇంట్లో బియ్యం తగ్గుతాయి.

మన సంగతి

ఇదంతా మనకెందుకు అంటారా? మన కరువు భత్యం దేని మీద నడుస్తోంది? పారిశ్రామిక కార్మికుల అఖిల భారత వినియోగ ధరల సూచీ మీద. తపాలావారికి ఆరు నెలలకైనా, టెలిఫోన్లవారికి మూడు నెలలకైనా ఆధారం అదే. 2016 సంవత్సరాన్ని ప్రాతిపదికగా పెట్టుకున్న ఆ సూచీని లేబర్ బ్యూరో కడుతుంది. 88 కేంద్రాల్లో, 317 మార్కెట్లలో ధరలు సేకరిస్తారు. హైదరాబాదు, గుంటూరు, విశాఖపట్నం వాటిలో ఉన్నాయి. అక్కడ కూడా పద్ధతి ఇదే: ఎంచుకున్న దుకాణాలు, ఎంచుకున్న వస్తువులు, ఒక మనిషి వెళ్లి అడగడం, మరో మనిషి చెప్పడం, రాసుకోవడం. ఆ కందిపప్పు ధర సరిగ్గా అడిగారా, సరిగ్గా చెప్పారా అన్నదాని మీద మనందరి పాసుబుక్కులో అంకె ఉంది. మనలాంటి ముసలివాళ్లు మందులకు పెట్టే ఖర్చు కార్మిక కుటుంబాల బుట్టలో ఎంత బరువు తూగుతుందన్నది మనం తీరిగ్గా ఆలోచించవలసిన ప్రశ్న. భాంగ్రా క్యాసెట్ల కథ చెప్పింది అందుకే. అడగనివాళ్లు లెక్కలోకి రారు.

చివరిగా ఒక విన్నపం. వైద్య ఖర్చుల మీద కార్యదర్శిగారు పోయిన నెల మీ అందరికీ ఒక ఫారం పంపారు. తిరిగి వచ్చినవి సగం కూడా లేవు. వచ్చినవాటిలో కొన్నింట్లో అన్ని నెలలకూ ఒకటే అంకె ఉంది. నేను కూడా ఒకప్పుడు అలాగే నింపినవాణ్ణి కనుక గుర్తుపట్టగలిగాను. ద్వారం దగ్గర ఖాళీ ఫారాలు ఉన్నాయి. బిల్లులు ఇంటి దగ్గరుంటే ఇంటికి తీసుకువెళ్లి, చూసి, ఉన్నది ఉన్నట్టు నింపండి. ఎక్కువ రాయవద్దు, తక్కువా రాయవద్దు. కంటి చూపు ఆనకపోతే మనవల చేత రాయించండి. కుటుంబ పెన్షన్ తీసుకుంటున్న మా సోదరీమణులు "మాదేం లెక్కలే" అనుకోవద్దు. మీ ఇంట్లో మందుల సీసా లెక్కలోకి రావాలంటే మీరే చెప్పాలి.

నింపినవి డబ్బాలో వేయండి. చేర్చే పని మన పిల్లలు చూసుకుంటారు.